సైలెన్సర్ మీద కొబ్బరి చిప్ప

(శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక ఊరి గ్రంథాలయంలో, రైతులకూ డీజిల్ మెకానిక్ కోర్సు చదువుతున్న పిల్లలకూ కలిపి చేసిన ప్రసంగం. తడబాట్లు మాత్రం తీసేసి, మాట్లాడింది మాట్లాడినట్టు రాశాం.)

అందరికీ నమస్కారం. మైకు తీసేయండి బాబూ, అవసరం లేదు. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడి అరిచిన గొంతు ఇది. చెవులు మాత్రం సగం పోయాయి, కాబట్టి ప్రశ్నలు మీరే గట్టిగా అడగాలి.

వెనక నడుస్తూ దున్నే రెండు చక్రాల పాత పవర్ టిల్లర్‌కి వేరే ఇంజన్ ఎలా వేయాలో చెప్పమన్నారు. చెబుతాను. కానీ ముందే ఒక మాట. "ఇంజన్ చచ్చిపోయింది మామా, మార్చేద్దాం" అని నా షెడ్డుకి తోలుకొచ్చిన బళ్లలో చాలావాటికి ఇంజన్ బతికే ఉంటుంది. డీజిల్ పైపు గాలి లాగుతుంటుంది, లేదా వాల్వు సరిగ్గా కూర్చోదు. మనిషికి జ్వరం వస్తే పాడె కట్టం కదా. అందుకని ఇంజన్ మార్చడం కన్నా ముందు, మార్చక్కర్లేదని తేల్చుకోవడం ఎలాగో మాట్లాడుకుందాం.

మన ఉద్దానం ప్రాంతం పేరే ఉద్యానవనం అనే మాట నుంచి వచ్చిందంటారు. కొబ్బరి తోట అంటే చెట్టుకీ చెట్టుకీ మధ్య 25 అడుగులు ఉండాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు. అంత జాగా ఉంటే పెద్ద ట్రాక్టరే తిరగొచ్చు. కానీ మన తాతలు టేపు పట్టుకుని నాటలేదు. కొబ్బరి మధ్యలో పనస, పనస పక్కన మామిడి, గట్టు మీద జీడి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ అరటి. జీడి కొమ్మ మనిషి నడుం ఎత్తులో అడ్డంగా ఉంటుంది. దాని కింద నుంచి పెద్ద బండి వెళ్తే డ్రైవర్ తల కొమ్మకే ఉండిపోతుంది. అందుకే మనకి టిల్లర్.

అమెరికాలో ఇలాంటి పనికి గార్డెన్ ట్రాక్టర్ అని నాలుగు చక్రాల బుల్లి బండి ఉంటుంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1961లో కబ్ కేడెట్ అని ఒకటి తెచ్చింది, అందులో 7 హార్స్‌పవర్ కోలర్ పెట్రోల్ ఇంజన్, ఒకటే సిలిండర్. అలాంటి పాత బళ్లలో రెండు సిలిండర్ల ఇంజన్ వేసుకుని అక్కడి వాళ్లు ఇప్పటికీ నడుపుకుంటున్నారు. ఆ వీడియోలు చూసి మన కుర్రాళ్లు "మనమూ అలా వేసేద్దాం" అని వస్తున్నారు. వేయొచ్చు. కాకపోతే వాళ్లది 3600 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 3600 చుట్లు తిరిగే తేలికపాటి పెట్రోల్ ఇంజన్, మనది బరువైన డీజిల్. అక్కడైనా ఇక్కడైనా చూసుకోవాల్సినవి మాత్రం అవే: షాఫ్ట్ ఎటు తిరుగుతోంది, ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత ఎత్తులో ఉంది, ఎంత బరువుంది.

సరే, బండి స్టార్ట్ కావడం లేదు. ఏం చేస్తారు?

(సభలోంచి: "తోసి చూస్తాం!" నవ్వులు)

తోయకండి. స్టార్ట్ చేసే హ్యాండిల్ పెట్టండి. లోపలి గాలి ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లీవర్ ఎత్తి పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ హెడ్ దగ్గర చెవి పెట్టండి. లోపల "క్రీక్... క్రీక్" మని ఒక సన్నటి శబ్దం రావాలి. డీజిల్ చిమ్మే నాజిల్ కొడుతోందంటాం దాన్ని. ఆ శబ్దం ఉంటే డీజిల్ వస్తోంది. లేకపోతే ఫిల్టర్ దగ్గర బోల్టు వదులు చేసి చూడండి, బుడగలు వస్తుంటే పైపులో గాలి ఉంది. బుడగలు ఆగి నిండుగా డీజిల్ కారేదాకా ఉంచి బిగించండి. నా దగ్గరికొచ్చే 'చచ్చిపోయిన' బళ్లలో చాలావాటికి ఇంతే వైద్యం. డబ్బులు తీసుకోవడానికి కూడా మొహమాటం.

నాజిల్ కొడుతోంది, అయినా స్టార్ట్ కాదు. అప్పుడు లీవర్ వదిలేసి తిప్పండి. మంచి ఇంజన్ ఒకచోట ఆగి హ్యాండిల్‌ని స్ప్రింగులా వెనక్కి నెడుతుంది. ఏ అడ్డూ లేకుండా గిరగిరా తిరిగిందంటే కంప్రెషన్ లేదు. అప్పుడూ కంగారు పడొద్దు. గాలి వెళ్లే దారిలో టీ చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చేత్తో తిప్పండి. ఈసారి హ్యాండిల్ బిగుసుకుంటే పిస్టన్ రింగులో, పిస్టన్ ఆడే గొట్టం, అంటే లైనరో, అరిగినట్టు. ఏమీ తేడా లేకపోతే వాల్వులు, లేదా హెడ్ గ్యాస్కెట్. చెంచాడే సుమా! గ్లాసుడు పోస్తే ఆ ఆయిలే డీజిల్‌లా మండుతుంది, ఇక ఇంజన్ మీ మాట వినదు, డీజిల్ ఆపినా ఆగదు.

ఈ పిల్లలకి ఒకటి చూపించాలి. ఇదిగో, నా కుడి బొటనవేలు. వంకరగా ఉంది కదా? హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు అవతలి వైపు చుట్టేశాను. ఇంజన్ ఎదురు తన్నింది. మిగతా నాలుగు వేళ్ల పక్కనే బొటనవేలు కూడా ఉంటే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది, అంతే. చుట్టేస్తే వేలు విరుగుతుంది. ఇంకో చిత్రం కూడా జరుగుతుంది ఒక్కోసారి. ఎదురు తన్ని, అలాగే వెనక్కి స్టార్ట్ అయిపోతుంది. అప్పుడు సైలెన్సర్లోంచి రావాల్సిన పొగ ఎయిర్ ఫిల్టర్లోంచి వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను దెయ్యం పట్టిందనుకున్నాను. వెంటనే ఆపేయాలి, వెనక్కి తిరిగే ఇంజన్లో ఆయిల్ పైకి ఎక్కదు.

ఎయిర్ ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి అక్కడే కాసేపు ఆగుతాను. మన ఇంజన్లని చంపేది ముసలితనం కాదు, ఇసక. ఉద్దానం నేల ఇసక నేల. దాని మీద కొబ్బరి పీచు పొడి. ఎండాకాలం మట్టి తవ్వే కత్తుల రోటవేటర్ వేస్తే బండి చుట్టూ మబ్బు లేస్తుంది. ఇంజన్ పీల్చేది ఆ మబ్బునే. ఆయిల్ బాత్ ఫిల్టర్ అంటే గిన్నెలో ఆయిల్ ఉంటుంది, దుమ్ము అందులో పడి ఆగిపోతుంది. ఆ గిన్నె విప్పితే అడుగున గోధుమరంగు బురద, గారెల పిండిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటితే ఆయిల్‌ని ఇంజన్ లాగేస్తుంది. ఎండాకాలంలో దున్నే రోజుల్లో నేను రోజూ సాయంత్రం విప్పి చూస్తాను.

ఫిల్టర్ కడిగాం, బాగుంది అనుకుంటారు. కానీ ఫిల్టర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఎండకి ఎండి, వంపు దగ్గర వెంట్రుకలా బీట పడుతుంది. బయటికి కనపడదు. దుమ్ము ఫిల్టర్ దారి మానేసి ఆ బీటలోంచి నేరుగా లోపలికి పోతుంది. ఆ గొట్టం విప్పి, ఇంజన్ వైపు నోట్లో చూపుడువేలు పెట్టి ఒకసారి తిప్పండి. వేలు నల్లగా జిడ్డుగా వస్తే పరవాలేదు. రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడిందా, మీ ఇంజన్ రోజూ ఇసక తింటోంది. కొత్త గొట్టం వేయండి. ఈ ఒక్క గొట్టం చూసుకోక లైనర్లు మార్పించిన వాళ్లు ఈ సభలోనే ముగ్గురు ఉన్నారు. పేర్లు చెప్పను.

(నవ్వులు)

ఇప్పుడు నా ఇంజన్ ఎలా పోయిందో చెబుతాను. ఇది పరాయి తప్పు కాదు, నాదే.

2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము. తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. ఆ రాత్రి ఎలా గడిచిందో ఈ ఊళ్లో నేను చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకున్నాయి. టిల్లర్ పెట్టిన పాక కూలిపోయింది, బండి పక్కకి ఒరిగింది, సైలెన్సర్ నోరు ఆకాశం వైపు. మామూలు వానలకి మనం ఏం చేస్తాం? సైలెన్సర్ మీద ఒక కొబ్బరి చిప్ప బోర్లిస్తాం. మరిచిపోయి స్టార్ట్ చేస్తే చిప్ప ఎగిరి అవతల పడుతుంది, పిల్లలు నవ్వుతారు. ఆ రోజు పాకలోనే ఉంది కదా అని చిప్ప పెట్టలేదు. పెట్టినా ఆ గాలికి ఉండేది కాదు, గోనె గుడ్డ కుక్కి తాడుతో కట్టాల్సింది. మా పక్కింటి అప్ప వచ్చి చూసి, "ఓలమ్మా, నీ బండి నీల్లు తాగేసినాది బావు" అంది. ఆవిడకి అర్థమైంది, మెకానిక్కుని నాకు కాలేదు.

డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ నల్లగా ఉండాలి కదా, పాలు ఎక్కువైన టీలా ఉంది. నీళ్లు కలిశాయన్నమాట. అలాంటప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు. ఆయిలంతా దించేయాలి. వెనక మూత విప్పి, అడుగున ఉన్న జాలీ కడగాలి. కొత్త ఆయిల్ పోసి, లీవర్ ఎత్తి చేత్తో వంద చుట్లు తిప్పాలి. తర్వాత లోడ్ లేకుండా ఒక పావుగంట నడిపి, వేడి మీద మళ్లీ దించేయాలి. మళ్లీ పోయాలి. తెలుపు కనపడకుండా పోయేదాకా రెండుసార్లో మూడుసార్లో ఇదే పని. నేను ఒక్కసారి దించి, ఒక్కసారి పోసి, ఆ మధ్యాహ్నమే ట్రెయిలర్ తగిలించేశాను. దారుల నిండా చెట్లు, ఊరంతా దుంగలు లాగుతున్నారు, ఒక్క టిల్లర్ ఖాళీగా ఉంటే ఎవరు ఊరుకుంటారు? నాకూ ఊరుకోబుద్ధి కాలేదు.

రెండు వారాలు నడిచింది. మూడో వారం లోడు మీద ఉండగా "టక టక" మని మొదలైంది. వెంటనే ఆపాల్సింది. ఇంటిదాకా వెళ్లిపోదాం అనుకున్నాను. ఇంటి మలుపులో పెద్ద చప్పుడు. బేరింగ్ పట్టేసి కనెక్టింగ్ రాడ్ విరిగింది, విరిగిన ముక్క బ్లాకుని పొడుచుకుని బయటికొచ్చింది. నా పిడికిలి పట్టేంత చిల్లు. ఇందాక మనిషి జ్వరం అన్నానే, ఇది జ్వరం కాదు. ఇంజన్ మార్చాల్సిందే.

మా బావమరిది పంపుసెట్ ఇంజన్ ఇస్తానన్నాడు. 10 హార్స్‌పవర్, 1500 ఆర్‌పీఎం, పాతకాలం నిలువు ఇంజన్. ఊరికే వస్తోంది కదా అని ఆశపడ్డాను. దాన్ని కదపడానికే నలుగురు కావాలి. టిల్లర్‌లో ఇంజన్ చక్రాలకి ముందు ఉంటుంది, త్రాసులాగ. ముందు బరువు పెరిగితే ముక్కు నేలకి దిగి హ్యాండిల్ గాల్లోకి లేస్తుంది. బరువు తగ్గితే హ్యాండిల్ మీ భుజాల మీద పడుతుంది. అసలు ఇంజన్ బరువుకి పది, ఇరవై కిలోల తేడా దాకా సర్దుకోవచ్చు. పంపుసెట్ ఇంజన్ నీళ్లు తోడడానికే ఉండనీ అని బావమరిదికి నమస్కారం పెట్టాను.

చివరికి దొరికింది పడుకున్న సిలిండర్ ఇంజన్, చైనా రకం, సెకండ్ హ్యాండ్. 12 హార్స్‌పవర్, 2000 ఆర్‌పీఎం. నా పాతది 13 హార్స్‌పవర్, 2400 ఆర్‌పీఎం. ఒక్క గుర్రం తక్కువ, పెద్ద లెక్క కాదు. కొనే ముందు స్టార్ట్ చేయించి ఫ్లైవీల్ ఎటు తిరుగుతోందో చూశాను. పాత దాని మీద సుద్దతో బాణం గుర్తు గీసి ఫొటో తీసుకుని వెళ్లాను, ఎందుకంటే బేరం చేసేటప్పుడు మనిషికి కుడి ఎడమలు గుర్తుండవు. వ్యతిరేకంగా తిరిగే ఇంజన్ వేస్తే ముందు గేర్లన్నీ వెనక్కి పోతాయి. ఇంజన్‌నే అటు తిప్పి పెడితే సరి కదా అంటారు. అటు తిప్పితే బెల్టు తిప్పే చక్రం, పుల్లీ కూడా అటు వైపుకి పోతుంది, క్లచ్ మాత్రం ఇటే ఉంటుంది.

ఇప్పుడు పిల్లలు నోటు పుస్తకం తీయండి. మొదటిసారి బద్ధకించి పాత 5 అంగుళాల పుల్లీనే కొత్త ఇంజన్‌కి సరిపోయేలా లేతు మీద చిల్లులు వేయించాను. బండి నడిచింది. కానీ రోటవేటర్ మట్టిని కొట్టడం లేదు, పెళ్లలు పెళ్లలుగా తిరగేస్తోంది. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. ఆ లెక్క ముందు వేయాల్సింది. పాత ఇంజన్ 2400, పుల్లీ 5 అంగుళాలు. గుణిస్తే 12,000. కొత్తది 2000. దాన్ని 5తో గుణిస్తే 10,000. అంటే ఆరు వంతుల్లో ఒక వంతు వేగం పోయింది, ఆరు గంటల్లో అయ్యే పనికి ఏడు గంటల పైనే పట్టేది. మరి 12,000 రావాలంటే? 12,000ని 2000తో భాగించండి. 6 అంగుళాలు. బీడుతో పోత పోయించి, మూడు బెల్టుల గాడులూ తిప్పించాను. బెల్టు వేగం మళ్లీ పాత లెక్కకి వచ్చేసింది. క్లచ్‌కీ గేరు పెట్టెకీ ఇంజన్ మారిందని కూడా తెలియదు.

ఇంకొక ఆయన నా లెక్క విని, 6 బాగుంటే 8 ఇంకా బాగుంటుందని వేయించాడు. 16,000. మూడో వంతు ఎక్కువ వేగం. ఇంజన్ లాగలేక నల్లటి పొగ, గేరు పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడి. రోటవేటర్ కత్తులు రాళ్లు విసురుతుంటే వెనక నిలబడే ధైర్యం లేదు. వారానికి మళ్లీ లేతుకి వెళ్లాడు.

బిగింపు దగ్గర నాకు నాలుగు రోజులు పట్టింది. బోల్టు చిల్లులు కలవలేదు. ఛాసిస్‌ని కోయడం నాకిష్టం ఉండదు, రేపు అసలు ఇంజన్ దొరికితే మళ్లీ కూర్చోవాలి కదా. 10 ఎంఎం ఇనుప పలక మధ్యలో పెట్టి, కింద పాత చిల్లులకి, పైన కొత్త ఇంజన్‌కి బిగించాను. పలకలో చిల్లులు గుండ్రంగా కాకుండా పొడుగ్గా కోయించాలి. బెల్టు బిగించాలంటే ఇంజన్ ముందుకి జరగాలి మరి. తర్వాత రెండు పుల్లీల ముఖాలకి అడ్డంగా నూలు తాడు లాగి పట్టాలి. పెద్ద పుల్లీ రెండు అంచులూ, చిన్న పుల్లీ రెండు అంచులూ, నాలుగు చోట్లా తాడు తాకాలి. ఒకచోట కాగితం దూరేంత సందున్నా బెల్టు ఒక పక్కే అరుగుతుంది. బెల్టులు మూడూ ఒకేసారి, ఒకే సెట్టు కొనండి. రెండు పాతవి ఒకటి కొత్తది వేస్తే లోడంతా ఆ కొత్తదాని మీదే పడుతుంది. పుల్లీ పెద్దదైంది కాబట్టి బెల్టుల మీద మూత తగలడం మొదలైంది. చాలామంది అక్కడ మూత తీసి అటక మీద పెట్టేస్తారు. నేను కోసి, వెడల్పు చేసి వెల్డింగ్ పెట్టించాను. మనం లుంగీలు కట్టుకునే వాళ్లం.

మొదటి పది గంటలు తేలిక పని చేయించి, బోల్టులన్నీ మళ్లీ బిగించాను. ప్రతి ఒక్కటీ పావు చుట్టు తిరిగింది. ఒంటి సిలిండర్ ఇంజన్ వణుకు అలాంటిది. పాతికో గంటకి ఆయిల్ మార్చాను. ఈసారి రెండుసార్లు.

నాలుగు చక్రాల మినీ ట్రాక్టర్ ఉన్న వాళ్లకి ఒక్క మాట. మీకు ఆర్‌సీలో ఇంజన్ నంబరు రాసి ఉంటుంది. మార్చాక కాదు, మార్చే ముందే రవాణా శాఖ ఆఫీసులో అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఎక్కించుకోండి. లేకపోతే ఏదైనా జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర మాట పడాలి. ఇంకా ఆ బళ్లలో బెల్టు ఉండదు, ఇంజన్ నేరుగా గేరు పెట్టెకి అతుక్కుని ఉంటుంది. అక్కడ తాడు పనికిరాదు, సన్నటి తేడా కూడా చూపే డయల్ గేజ్ పెట్టి చూడాలి. తేడా వస్తే క్లచ్ ప్లేటు, షాఫ్ట్ బేరింగు ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. అది షెడ్డులో చేసే పని, చెట్టు కింద చేసేది కాదు.

ప్రశ్నలు అడగండి.

(ఒక రైతు: "ఖర్చు ఎంతయింది?")

ఇంజన్ ధరే ఖర్చు అనుకుని మొదలుపెట్టాను. పుల్లీ, పలక, బెల్టులు, లేతు, వెల్డింగ్, మూత, సైలెన్సర్ వంపు, అన్నీ కలిపితే ఇంజన్ ధరలో సగం పైనే అయింది. మీరు కూడా అలాగే అనుకుని దిగండి. చేతిలో ఇంజన్ డబ్బులు మాత్రమే ఉంటే ఆగండి, లేకపోతే బండి ఆర్నెల్లు విప్పేసి ఉంటుంది.

(ఒక విద్యార్థి: "బ్యాటరీ మోటారు వేయొచ్చా సార్?")

మంచి ప్రశ్న. లెక్క వేద్దాం, నోటు పుస్తకం మూయకు. 12 హార్స్‌పవర్ అంటే సుమారు 9 కిలోవాట్లు. ఎప్పుడూ పూర్తి లోడ్ ఉండదు, సగం అనుకో, నాలుగున్నర. ఒక పూట, నాలుగు గంటలు దున్నితే 18 యూనిట్ల కరెంటు. మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో ఎంత పడుతుంది? 1800 వాట్ అవర్స్, అంటే 1.8 యూనిట్లు. పది బ్యాటరీలు కావాలి. అవి కూడా అడుగంటా వాడేస్తే పాడైపోతాయి కాబట్టి ఇంకా ఎక్కువే పెట్టాలి. ఒక్కొక్కటి 50 కిలోలు అనుకో. బండి బరువంత బరువు మళ్లీ బండి మీదే. లిథియం అయితే బరువు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. కలుపు తీసే చిన్న యంత్రానికైతే ఇప్పుడే వేయొచ్చు. టిల్లర్‌కి ఎలా వేయొచ్చో నువ్వు చదువుకుని వచ్చి నాకు చెప్పాలి.

ఇంకా ఎవరు? వెనకాల అమ్మ చెయ్యెత్తారు.

(ఒక మహిళ: "ఆ చిల్లుపడ్డ ఇంజన్ ఏటి సేసినారు? అమ్మేసినారా?")

హెడ్డు, నాజిల్, పంపు బాగున్నాయమ్మా, విప్పి దాచుకున్నాను, రెండు బళ్లకి పనికొచ్చాయి కూడా. బ్లాకు మాత్రం షెడ్డు గుమ్మం దగ్గరే ఉంది. ఎవరైనా వచ్చి "చప్పుడొస్తోంది గానీ బండి నడుస్తోంది మామా" అంటే, ఏమీ మాట్లాడకుండా ఆ చిల్లులో చెయ్యి పెట్టి చూడమంటాను.

అదేమిటి, చినుకులా? నా టిల్లర్ బయట చింతచెట్టు కింద ఉంది. గుమ్మం దగ్గర కూర్చున్న బాబూ, నువ్వొకసారి వెళ్లి సైలెన్సర్ మీద చిప్ప ఉందో లేదో చూసి రా.